మూడు చేతుల చీటీ

కుప్పయ్య మామ పెద్దకర్మ అయిన నాలుగో నాటికి గాని నేను పొదటూరుపేట చేరలేకపోయాను. తిరువళ్లూరులో బస్సెక్కి, తిరుత్తణిలో దిగి, మళ్లీ ఇంకో బస్సు పట్టుకోవాలంటే ఈ వయసులో ఇవాళ కాదు రేపు అనిపిస్తుంది. వీధి మొదట్లో దిగి నడుస్తుంటే ఎక్కడా నూలు పడుగు అడ్డం రాలేదు. ఒకప్పుడు పొద్దున పూట ఈ వీధిలో నడవాలంటే వంగి, పడుగుల కింద దూరి పోవాలి. ఇప్పుడు వరసగా మోటారు సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. మామ భార్య గోవిందమ్మత్త అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. నన్ను చూసి కళ్లు చికిలించి, "ఎవురు, చెంగల్రాయన్న కూతురా? ఇప్పటికి తెలిసెనా నీకు దోవ?" అంది. తప్పు నాదే గనక చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాను.

కాఫీ తాగినాక అత్త లోపలికి పోయి ఒక బిస్కత్తుల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "మీ మామ పోయే ముందర జెప్పినాడు. వల్లి వస్తే ఇది దాని చేతికియ్యి, లోపలుండేది సదివించుకో అని. నాకేం తెలుసు సదివేది?" అంది. మూత తుప్పు పట్టి రాలేదు. అత్త మనవడు మురళి, మద్రాసులో కామర్సు చదువుతున్నవాడు, స్పూనుతో తీశాడు. పైన నూలు చుట్టే కొయ్య కండెలు నాలుగు, ఒకదానికి ఎరుపు, ఒకదానికి పచ్చ, ఒకదానికి నీలం, ఒకదానికి పసుపు రంగు. కింద గుప్పెడు చింతగింజలు. "ఏం సామాను అవ్వా ఇది?" అన్నాడు మురళి. "కంపెనీ ఆట" అన్నాను. వాడు నవ్వి, "మా కాలేజీలో కూడా ఉండాదే. టీములు టీములుగా కూర్చోని కంప్యూటర్లో కంపెనీ నడపల్ల. నువ్వు యాడ ఆడినావు?" అన్నాడు. ఎదురుగా కనిపిస్తున్న బడి వరండా వైపు చెయ్యి చూపించాను. డబ్బా అడుగున మడత పెట్టిన కాగితం ఒకటి కనిపిస్తోంది. దాన్ని అప్పుడే తీయడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పటికి నాకు పద్నాలుగో పదిహేనో. మా ఊరు అప్పుడు ఆంధ్రలో ఉంది. కొన్నాళ్లకు మద్రాసు వైపు పోతుందని కొందరు, పోనే పోదని కొందరు రోజూ కాఫీ హోటల్లో అరుచుకునేవాళ్లు. మేము ఏ రాష్ట్రమో మాకే తెలియని రోజులు. మొక్కుకొనేది తిరుత్తణి కొండకు, నూలు తెచ్చుకొనేది మద్రాసు నుంచి, బళ్లో నేర్చుకొనేది తెలుగు అక్షరాలు, తిట్టుకొనేది అరవంలో. ఇంట్లో తెల్లవారు జామునే గంజి కాగే వాసనతో మెలకువ వచ్చేది. అది తాగే గంజి కాదు, పడుగుకు పెట్టేది. మా అవ్వ వేలు ముంచి నాలుక మీద ఒక చుక్క వేసుకొని, కాసేపు కళ్లు మూసుకొని, ఉమ్మేసి, "ఇంగొంచెం పులవల్ల" అనేది. లేదంటే "ఇది సరి" అనేది. ఆమె సరి అనేదాకా నాయిన కుంచె ముట్టేవాడు కాదు. ఆమె నాలుకకు ఏం తెలిసేదో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు. నేను కూడా ఒకసారి రుచి చూసి రోజంతా వాంతి చేసుకున్నాను.

మా వీధిలో పడుగుకు గంజి పెట్టడమంటే ఒక ఇంటి పని కాదు. వీధి పొడుగునా నూలు పోగులు లాగి కట్టి, గంజితో తడిపి, ఆ తడి ఆరేలోపల పోగు పోగుకూ అంటుకోకుండా ఇటు కొస నుంచి అటు కొసకు కుంచెలతో దువ్వుకుంటూ పోవాలి. ఎనిమిది మంది లేనిది కాదు. అందుకని ఎవరి పడుగు వీధిలో పరిచినా, పిలవకుండానే పక్కిళ్లవాళ్లు కుంచెలు భుజాన వేసుకొని వచ్చేవాళ్లు. కూలీ లేదు, లెక్క లేదు. ముందురోజు నాయినతో వేపకొమ్మ కోసం కొట్టుకున్నవాడు కూడా వచ్చేవాడు. మాట్లాడడు, ముఖం చూడడు, పని చేసి పోతాడు. పడుగు పరిచినాక అది ఎవరిదని అడగకూడదు. ఇది ఎవరూ నేర్పింది కాదు.

నాయినకు ఆ ఏడు కుడి మోకాలు వాచింది. గుంతమగ్గంలో కూర్చొని కాలితో తొక్కితే గాని మగ్గం ఆడదు. అమ్మ రోజూ వావిలాకు కాచి కాపడం పెట్టేది. ఇల్లంతా ఆ ఆకు వాసన, గంజి వాసన, ఆముదం వాసన. నాయిన గుంతలో దిగేటప్పుడు చప్పుడు చెయ్యడు. ఎక్కేటప్పుడు మాత్రం పళ్లు కొరికే శబ్దం వినిపించేది. అది వినపడకుండా ఉండాలని అమ్మ రాట్నం గట్టిగా తిప్పేది. ఇంకో రెండేళ్లు కూడా ఈ కాలు ఆయనను మగ్గంలో కూర్చోనివ్వదని ఇంట్లో అందరికీ తెలుసు.

అట్లాంటప్పుడు ఊళ్లోకి ఒక ట్రైనింగు సారు వచ్చాడు. నేతగాళ్లకు సొసైటీ పెడతారట. దానికి నూలు చూసి పంచడానికి, నేసిన బట్ట చూసి దించుకోవడానికి ఒక మనిషి కావాలట. రాతకోతలకు వేరే గుమాస్తా ఉంటాడు. ఈ మనిషికి కావలసింది మంచి కన్ను, ఏ నెలలో ఏది నెయ్యాలో చెప్పగల బుర్ర. అతనికి ఆరు నెలలు పట్నంలో పని నేర్పి, నెల జీతమిచ్చి, బల్ల ముందు కుర్చీలో కూర్చోబెడతారు. కుర్చీ అన్న మాట వినగానే అమ్మ నాయిన మోకాలి వంక చూసింది. నేను అమ్మ ముఖం చూశాను. మా ఇంటికి ఆ కుర్చీ కావాలి. అంతకు మించి ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఆ మనిషిని ఎట్లా ఏరుతారంటే, ఆటతో. సారు కృష్ణ ఒడ్డు మనిషి. ఆయన తెలుగు మాకు సగమే తెలిసేది. ఇరవై మంది నేతగాళ్లను బడి వరండాలో కూర్చోబెట్టి, ఐదుగురు చొప్పున నాలుగు కంపెనీలు చేశాడు. ఎర్ర కంపెనీ, పచ్చ కంపెనీ, నీలం, పసుపు. "ఇది ఆటేనండీ. కానీ దయచేసి ఆటలాగా ఆడకండి" అన్నాడు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంటికొచ్చి నాయిన ఆ మాట చెప్తే అవ్వ వక్కాకు నములుతూ, "ఆట అంటాడు, ఆడొద్దంటాడు. వానికి పెండ్లయిందా?" అని అడిగింది.

ఒక్కో మధ్యాహ్నం ఒక్కో నెల అన్నట్టు. సారు ఆ నెల సంగతులు చదువుతాడు: తిరుత్తణి కొండ పండగ ఆడికృత్తికకు జనం బాగా వస్తారు, తిరువళ్లూరు సంతలో చీరలు కదలడం లేదు, మద్రాసులో గళ్ల లుంగీలు అడుగుతున్నారు. కంపెనీవాళ్లు గుసగుసలాడుకొని, ఏం నెయ్యాలి, ఎన్ని పడుగులు వెయ్యాలి, ఎక్కడికి పంపాలి అన్నది ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. సారు తన దగ్గరున్న మూసిన కవరు విప్పి, ఎవరి సరుకు అమ్ముడుపోయిందో ఎవరిది మిగిలిందో చెప్తాడు. పోయిన పడుగుకు ఒక కండె. ఎనిమిది రోజులకు ఎవరి దగ్గర కండెలు ఎక్కువో ఆ కంపెనీ పెద్ద పేరు పైకి రాసి పంపుతాడు. రాయడం వచ్చినవాళ్లు తక్కువ గనక కంపెనీకి ఒక బడిపిల్లను ఇచ్చారు. ఎర్ర కంపెనీకి పెద్ద మా నాయిన, రాసేది నేను. పచ్చ కంపెనీకి పెద్ద కుప్పయ్య మామ. మామ అమ్మకు దూరపు తమ్ముడు, పాతికేళ్లు దాటినవాడు, బెల్లం తిన్న గొంతుతో అందరినీ వరస పెట్టి పిలుస్తాడు. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు.

మొదటి రోజు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నీలం కంపెనీవాళ్లు మద్రాసుకు పంపండి అని చీటీ రాసి, సరుకు ఎవరు మోసుకుపోతారు, బస్సుకు డబ్బెవరిస్తారు అని సారును నిలదీశారు. సారు "అనుకోండి" అన్నాడు. ఎంతసేపు అనుకోవాలో తెలియక వాళ్లు అట్లాగే కూర్చున్నారు. పసుపు కంపెనీ పెద్ద సాయంత్రం ఇంటికి పోయి, మగ్గం మీదున్న ఎర్ర చీర సగంలో కోసేశాడు, ఆ మధ్యాహ్నం ఆటలో ఎర్ర చీరలు మిగిలిపోయాయని. మరునాడు అతని భార్య వచ్చి సారును ఏమన్నదో నేను ఇక్కడ రాయను.

నాయిన మాత్రం ఒక్కటే ప్రశ్న అడిగాడు. "సారూ, పడుక్కి గంజి ఎవురు పెడతారు?" సారు కాగితాలన్నీ తిరగేశాడు. ఆయన ఆటలో గంజి లేదు. పడుగు వేశాం అని రాస్తే చీర వచ్చేస్తుంది. వరండా అంతా నవ్వు. "ఎన్న సార్ ఇదు, మంత్రమా?" అని ఎవరో అరవంలో అన్నారు. పాపం సారు మంచివాడు. మరునాడు సంచి నిండా చింతగింజలు తెచ్చాడు. ఒక్కో గింజ ఒక్కో చెయ్యి, అంటే పనికొచ్చే ఒక మనిషి. కంపెనీకి ఎనిమిది చేతులు. ఎనిమిది గింజలు పెడితేనే పడుగు లేస్తుంది. ఆ రోజు నుంచి మావాళ్లకు ఆట మీద నమ్మకం కుదిరింది. నమ్మకం కుదరడమే తప్పయిందని నాకు తరువాత తోచింది.

నాయిన ఆడుతుంటే నేను వేరే మనిషిని చూస్తున్నట్టుండేది. ఇంట్లో ఆయన పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అక్కడ గోడకు ఆనుకొని, వాచిన కాలు చాపుకొని, అందరూ అరుస్తుంటే వింటూ కూర్చొని, చివర నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పేవాడు. అది సారు పెట్టిన నియమం. పక్క కంపెనీకి తెలియకుండా పెద్ద చెవిలో చెప్పాలి, పిల్ల రాయాలి. "మద్రాసుకు అందురూ పంపుతా ఉండారు. మనం తిరువళ్లూరుకు తువాళ్లు పంపుదాం" అనేవాడు. కవరు విప్పితే అక్కడ తువాళ్లే పోయుండేవి. ఎట్లా తెలిసిందని అడిగితే, "నాకేం తెలుసు మే? గుంపు పోయే దోవలో దుమ్ము జాస్తి" అన్నాడు. ఏడు రోజులకు మావి ఆరు కండెలు, కుప్పయ్య మామవి ఆరు. మిగతావాళ్లు రెండూ మూడూ. ఆ రాత్రి అమ్మ పప్పులో తాళింపు రెండుసార్లు వేసింది, తెలియకుండా. అవ్వ నాలుకకు తెలిసినా పెట్టిందంతా తినేసింది.

ఎనిమిదో రోజు బడి ముందర ఆడవాళ్లు కూడా చేరారు. సారు ఆ నెల సంగతి చదివాడు. ఈసారి ఒక్కో కంపెనీకి వేరే వేరే. పచ్చ కంపెనీలో ముగ్గురికి జ్వరం, మిగిలింది ఐదు చేతులు. ఎర్ర కంపెనీకి ఊరినుంచి ముగ్గురు చుట్టాలొచ్చారు, పదకొండు చేతులు. సాయంత్రానికి వాన. గంజి పెట్టడం అవని పడుగు తడిసి పాడైపోతుంది, దానికి ఉన్న కండెల్లోంచి ఒకటి వెనక్కివ్వాలి. పచ్చ కంపెనీ అప్పటికే కొండ పండగకని చీరల పడుగు పరిచేసింది. మా పక్క స్తంభానికి అవతల కూర్చున్న కుప్పయ్య మామ ముఖం చూడాలి. నిజం పడుగే వీధిలో ఉండి, నిజం మబ్బే కమ్మినట్టు లేచి నిలబడి ఆకాశం వైపు చూశాడు. ఆకాశంలో ఎండ మండుతోంది.

మా కంపెనీలో ఒకరు మనకేం అన్నారు. ఒకరు పాపం అన్నారు. నాయిన చింతగింజలు మూడు అరచేతిలో వేసుకొని చాలాసేపు చూశాడు. తరువాత నన్ను పిలిచి చెవిలో చెప్పాడు. "రాయి. ఎనిమిది చేతులు మన పడుక్కి. మూడు చేతులు కుప్పయ్య పడుక్కి." నేను తలెత్తి చూశాను. అది రాస్తే మామ చీరలు కొండ పండగకు పోతాయి. పండగ చీరల పడుగుకు రెండు కండెలని సారు ముందే చెప్పాడు. మేము ఓడిపోతాం. కుర్చీ పోతుంది. "నాయినా, అట్లయితే మనం..." అన్నాను. "రాయి మే" అన్నాడు, నెమ్మదిగానే.

నేను రాశాను. చీటీ మోకాలి మీద పెట్టుకొని, పెన్సిలు గట్టిగా పట్టుకొని ఇట్లా రాశాను: పదకొండు చేతులూ మన పనికే. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. ఇంకో ముక్క కూడా రాశాను: కుప్పయ్య పడుగుకు ఇవ్వము. అది ఎందుకు రాశానో అరవై ఏళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. నాయిన మోకాలి కోసమే అని కొన్నాళ్లు చెప్పుకున్నాను. ఆయన తప్పు చేస్తున్నాడు, నాకు ఎక్కువ తెలుసు అన్న పొగరు అని కొన్నాళ్లు. భయంతో ఏం రాస్తున్నానో తెలియలేదని కూడా ఒకప్పుడు అనుకున్నాను. అది మాత్రం అబద్ధం. రాసి, మడిచి, నా చేత్తోనే సారుకు ఇచ్చాను. నాయిన దాన్ని చూడనైనా చూడలేదు. చూసినా ఆయనకేం తెలుస్తుంది?

సారు గట్టిగా చదివాడు. కుప్పయ్య పడుగుకు ఇవ్వము అన్నచోట వరండాలో అందరూ నాయిన వైపు తిరిగారు. బయట ఆడవాళ్లలో ఎవరో, "ఆట అయితే మాత్రం అట్ల అంటారా?" అన్నారు. సారుకు ఇదంతా తెలియదు. ఆయన సంతోషంగా, "ఇదీ వ్యాపార నిర్ణయం అంటే" అన్నాడు. నాయిన నా వైపు చూశాడు. కోపంగా కాదు. తెలిసిన దోవలో పోతూ పోతూ ఇది ఏ ఊరని ఆగినట్టు చూశాడు. "ఇది మీరు చెప్పిందేనా చెంగల్రాయ గారూ?" అని సారు మామూలుగా అడిగాడు. అందరికీ అట్లాగే అడుగుతాడు. నాయిన చూపు తిప్పుకొని, "నేను జెప్పిందే సారూ" అన్నాడు.

ఎర్ర కంపెనీ గెలిచింది. సారు కాగితం తీసి పేరు రాయబోతే నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు. "పట్నంలో మెట్లు జాస్తి అంటారు. నా కాలికి అయ్యే పని గాదు. కుప్పయ్య పేరు రాయండి." సారు ఎంతో చెప్పి చూశాడు. ఇంత ఆడి, గెలిచి, వద్దంటే ఆయనకు ఏం అర్థమవుతుంది? నాయిన గోడ పట్టుకొని లేచి, నా భుజం మీద చెయ్యి వేసి ఇంటిదాకా నడిచాడు. దోవలో నేను, "నాయినా, నేనే..." అన్నాను. "ఎండ జాస్తిగా ఉండాది. నడువు" అన్నాడు. ఇంట్లో అమ్మకు కాలి సంగతే చెప్పాడు. అమ్మ వావిలాకు తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

మూడో నాడు మా పడుగు పరిచాం. ఇది నిజం పడుగు. అవ్వ నాలుక మీద చుక్క వేసుకొని సరి అంది. నాయిన, నేను, అమ్మ వీధిలో నిలబడ్డాం. ఎవరూ రాలేదు. ప్రతి ఇంటి తలుపూ తీసే ఉంది, లోపల మనుషులున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, రాట్నాలు తిరుగుతున్నాయి. ఎండ మా ఇంటి గోడ దిగి అరుగు మీదికి వచ్చింది. గంజి మీద మీగడ కట్టింది. అవ్వ గడపలో నిలబడి, "ఏమైంది ఈ వీధికి?" అని ఎవరినీ కాకుండా అడిగింది. నాకు తెలుసు. నాయినకు తెలుసు. ఆయన కుంచె పట్టుకొని ఒక్కడే ఆ కొస నుంచి మొదలుపెట్టాడు, కుంటుకుంటూ. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇంటింటికీ పోయి, ఆ చీటీ నాది, ఆయనది కాదు అని అరవాలనుకున్నాను. గంజి కుండ ఎత్తుకొని ఆయన వెనక నడిచాను.

వచ్చిందెవరంటే కుప్పయ్య మామ. భుజాన కుంచె, వెనక కొత్త పెళ్లికూతురు గోవిందమ్మత్త. "ఏం బావా, పిలవకుండానే మొదలుపెట్టేసినావే" అంటూ రెండో కొస అందుకున్నాడు. అది చూసి ఎదురింటాయన దిగాడు. తరువాత ఇంకొకరు. కాసేపట్లో పదిమంది. ఆ సాయంత్రం అందరూ ఒకటే మాట అన్నారు, ఇంకొకరు పోయుంటారులే అనుకున్నామని. నిజమే కావచ్చు. కావాలని రాలేదో, అట్లా కుదిరిందో నాకు ఈనాటికీ తేలలేదు. కాని మామ ఎందుకు వచ్చాడన్నది అంతకన్నా పెద్ద చిక్కు. ఆ మాట పడింది ఆయన పడుగు మీదే గదా.

మామ పట్నం పోయి వచ్చి సొసైటీలో కుర్చీలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. నాయిన ఇంకో ఐదేళ్లు గుంతలో కూర్చొని ఎడం కాలితోనే రెండు కాళ్ల పనీ చేశాడు. మా ఊరు అటు మద్రాసులోకి పోయింది. నేను అరవం అక్షరాలు మొదటినుంచి నేర్చుకొని, తిరుత్తణిలో చదివి, తిరువళ్లూరులో పంతులమ్మనయ్యాను. మొదటి జీతంతో నాయినకు ఒక కుర్చీ కొన్నాను. వెదురుతో అల్లింది, చేతులున్నది. దాంట్లో కూర్చొని ఆయన కాలు చాపుకున్నప్పుడు ఒకసారి అడిగాను, ఆనాడు నన్ను ఎందుకు కొట్టలేదని. మోకాలు రుద్దుకుంటూ అన్నాడు, "నీకు రాయను వచ్చును. నాకు రాదు. అంతే గదమ్మా." క్షమించాడో, నిందించాడో ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

సొసైటీలో మామ పెట్టిన ఒక కట్టుబాటు ఊరందరికీ నవ్వులాట. ఏ తీర్మానమైనా వేలిముద్ర వేసేముందు రెండుసార్లు చదవాలి, ఇద్దరు వేరే వేరే మనుషులు చదవాలి. గుమాస్తా చదివినాక బయటికి పోయి, బడిపిల్లో పోస్టుమానో ఎవరో ఒకరిని పట్టుకొచ్చేవాళ్లు. అర్ధగంట పని పూటంతా పట్టేది. నేను కూడా నవ్వాను. "మామా, నీకు చెవుడా?" అని ఒకసారి ఎగతాళి చేశాను. ఆయన నవ్వి, "ఒక చెవి బావ పక్కనుండాది గదా మే, అది బాగానే ఇనపడతాది" అన్నాడు. అప్పుడు నాకు ఏమీ తట్టలేదు. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

"ఏమ్మే, కాగితం తియ్యవా?" అంది గోవిందమ్మత్త. తీశాను. పసుపు పచ్చనైపోయింది, మడతల దగ్గర చిరుగుతోంది. పెన్సిలు రాత ఇంకా ఉంది. గుండ్రంగా, ఒద్దికగా, మార్కులు పడే రాత. మురళి నా భుజం మీదుగా చూసి, "ఇది తెలుగా? నాకు రాదు అవ్వా" అన్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఆ వీధిలోనే ఒకరిద్దరికి మించి రాదేమో. మామ దీన్ని ఆ వరండాలో ఎప్పుడు ఏరుకున్నాడు? మా పక్క స్తంభానికి అవతలే కూర్చున్నాడు గదా ఆయన. నాయిన నా చెవిలో చెప్పింది ఆయన చెవికీ పడింది. సారు చదివిందీ విన్నాడు. చెప్పింది ఒకటి, చదివింది ఒకటి అని ఆ రోజే ఆయనకు తెలుసు. తెలిసి, మూడో నాడు కుంచె తీసుకొని వచ్చాడు. తెలిసి, ఇన్నేళ్లు నేను ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా నవ్వుతూ కాఫీ పెట్టించాడు.

"సదువు" అంది అత్త. నాకు ఒక్క క్షణం తోచింది, ఇక్కడ నన్ను పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. ఏం చదివితే అదే అందులో ఉన్నట్టు. నాయిన పరువు ఈ పూటే నిలబెట్టవచ్చు. మళ్లీ అదే పెన్సిలు నా చేతిలో పెట్టినట్టుంది. నేను ఉన్నది ఉన్నట్టే చదివాను. పదకొండు చేతులూ మన పనికే. కుప్పయ్య పడుగుకు ఇవ్వము. అత్త తల ఊపింది. ఆ మాట ఆమె కూడా ఆ రోజు బయట నిలబడి విన్నదే.

"అవ్వా, ఇచ్చుంటే ఏమయ్యేది? పోటీ కంపెనీకి ఎవురన్నా చేతులిస్తారా? మా ఆటలో అట్ల జేస్తే తీసేస్తారు" అన్నాడు మురళి. అత్త వాణ్ణి ఉండమని చెయ్యి ఊపి, నా వైపు తిరిగింది. "రెండు తడవలు సదివించుకో అన్నాడు మీ మామ. ఇంగొకరు సదివేవాళ్లు లేరు. నువ్వే ఇంగొక తడవ సదువు."

నేను కాగితం మడిచి డబ్బాలో పెట్టాను. పెట్టి, చింతగింజలు మూడు ఏరి అత్త అరచేతిలో వేసి, నాయిన గొంతు నా చెవిలో పడినట్టే, ఒక్కో మాటా చదివాను. "ఎనిమిది చేతులు మన పడుక్కి. మూడు చేతులు కుప్పయ్య పడుక్కి."

అత్త గుప్పిలి మూసుకుంది. "ఇప్పుడు సరి" అంది.